బంగళాల వీధిలో కిర్రు చెప్పులు

వనపర్తిలో నాకు గిట్టని వీధి ఒకటుంది. అందుకే రోజూ ఆ వీధిలోనే నడుస్తాను.

నడవమని డాక్టరు చెప్పాడు. ఎక్కడ నడవాలో మాత్రం చెప్పలేదు. కాలేజీ గ్రౌండు ఉంది, మా కాలనీలో కొత్తగా పోసిన సిమెంటు రోడ్డు ఉంది. అవి వదిలేసి, సాయంత్రం బడిలో పాఠాలు చెప్పి రాగానే ఒక గ్లాసు నీళ్లు తాగి నేరుగా బంగళాల వీధికి పోతాను. బోర్డు మీద ఆ వీధికి వేరే పేరేదో రాసి ఉంది కానీ ఊళ్లో ఎవరూ ఆ పేరుతో పిలవరు. సంస్థానం నడిచిన రోజుల్లో కోటలో పెద్ద కొలువులు చేసినవాళ్లు కట్టించుకున్న ఇళ్లు అవి. డంగుసున్నం గోడలు, టేకు స్తంభాలు, రంగుటద్దాల కిటికీలు, వీధి వైపు ఎత్తయిన వరండాలు. చూడటానికి బాగుంటాయి. బాగుండవని అబద్ధం ఆడను. బాగుండటమే నాకు ఇంకా మండుతుంది.

ఈ మధ్య ఆ ఇళ్లు ఒక్కొక్కటే కెఫేలయ్యాయి. దొరలు కచేరీ చేసిన గదిలో కోల్డ్ కాఫీ, గుర్రాల కొట్టంలో పిజ్జా. ధాన్యం గాదెలు ఉన్నచోట మెత్తటి బీన్‌బ్యాగులు వేశారు, కూర్చుంటే మనిషి సగం మునిగిపోతాడు. వేపచెట్లకు సీరియల్ లైట్లు చుట్టడంతో వీధంతా ఏడాది పొడుగునా పెళ్లివారిల్లులా ఉంటుంది. ఓడలు బండ్లవుతాయంటారు. ఇక్కడ బండ్లయిన ఓడలు మళ్లీ ఓడలవుతున్నాయి.

నేను నడిచేది రోడ్డు మధ్యన, చెప్పులు టపటపా కొట్టుకుంటూ. ఒకనాడు గద్వాల చీర కట్టిన పెళ్లికూతురు, షేర్వాణీ వేసుకున్న పెళ్లికొడుకు ఒక బంగళా ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారు. కెమెరా పట్టుకున్నతను చెయ్యి ఊపి, "ఆంటీ, జర పక్కకు జరుగుండ్రి, ఫ్రేములకు వస్తున్నరు" అన్నాడు. "ఫ్రేము నీది, రోడ్డు నాది" అన్నాను, జరగలేదు. ఆ పిల్ల ఫక్కున నవ్వింది. ఆమె పెళ్లి ఆల్బంలో ఎక్కడో ఒక మూల నేను కూడా ఉండే ఉంటాను, మొహం ముటముటలాడించుకుంటూ.

నా తిక్కకు కారణం మా అమ్మ. ఆమె ఈ వీధిలో అడుగు పెట్టదు. పింఛను తెచ్చుకోవడానికి బ్యాంకుకు పోవాలంటే ఇదే దగ్గరి దారి. అయినా ఆ అరిగిపోయిన మోకాళ్లతో కూరగాయల మార్కెట్టు చుట్టూ తిరిగి, మధ్యలో ఉల్లిగడ్డల దుకాణం మెట్ల మీద కూర్చుని, మళ్లీ లేచి నడిచి పోతుంది. ఆటో ఎక్కించినా డ్రైవరుతో "గా తొవ్వకు వద్దు నాయినా" అని చెప్పి మరీ తిప్పిస్తుంది.

మాది ఖిల్లా ఘణపూర్ పక్కన పల్లె. అమ్మ వాళ్ల నాయిన, అంటే మా తాత, చెప్పులు కుట్టేవాడు. చుట్టుపక్కల కాపులందరికీ ఆయన చేతి కిర్రు చెప్పులే కావాలి. ఆముదం పట్టించి మెత్తబరిచిన తోలు, అట్ట మీద అట్ట వేసి ఏ ఉపాయంతో కుట్టేవాడో గానీ, అడుగు వేస్తే కిర్రు, అడుగు తీస్తే కిర్రు. కిర్రుమనకపోతే "ఏందిర, వీటికి నోరు పెట్టలేదా" అని తిప్పి పంపేవాళ్లట. మనిషి సందు మలుపు తిరగకముందే చెప్పులు వచ్చి చెప్పేవి, ఫలానా ఆయన వస్తున్నాడని. ఆ చప్పుడులో ఒక దర్జా ఉండేది. అందుకే అది అందరికీ చెల్లేది కాదు.

బంగళాల వీధి మొదట్లో అప్పట్లో ఒక నూనె గానుగ ఉండేది. మా వాళ్లలాంటి వాళ్లు ఆ గానుగ దగ్గర చెప్పులు విడిచి చేతిలో పట్టుకుని, వీధి చివర దాటాక మళ్లీ తొడుక్కోవాలి. అది ఎక్కడా రాసి లేదు. రాయనక్కర లేదు, అందరి కాళ్లకూ తెలుసు. సంస్థానం పోయి, ఓట్లు వచ్చి, కోటలో కాలేజీ పెట్టినా ఈ పద్ధతి మాత్రం చాలా కాలం పోలేదు. చట్టాలు బస్సెక్కి తొందరగానే వచ్చాయి. కాళ్లు మాత్రం నడిచి రావాలి కదా.

అమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు తాత ఒక దొరకు కొత్త చెప్పులు కుట్టి, తువ్వాల్లో చుట్టుకుని ఇవ్వడానికి బయలుదేరాడు. అమ్మ వెంటపడింది. దొర చెప్పుల్లో మిగిలిన తోలు ముక్కలతో అంతకుముందే ఆమెకు కూడా ఒక జత కుట్టాడు, కిర్రుతో సహా. అవి తొడుక్కుని పల్లె నుంచి వనపర్తి దాకా కావాలని కాళ్లు నొక్కి నొక్కి నడిచిందట. గానుగ దగ్గర తాత తన పాత చెప్పులు విడిచి చంకలో పెట్టుకుని, "నువ్వు గూడ ఇడువు బిడ్డా" అని చెప్పి ముందుకు పోయాడు. అమ్మ గానుగ ఎద్దును చూస్తూ నిలబడిపోయింది. కళ్లకు గంతలు కట్టుకుని అది తిరిగిన చోటే తిరుగుతుంటే ఆ మాట ఆమె చెవిన పడనే లేదు. తల తిప్పి చూసేసరికి నాయిన దూరంగా కనిపించాడు. భయపడి పరుగెత్తింది. కిర్రు కిర్రు కిర్రుమంటూ వీధి సగం దాటి, సరిగ్గా ఆ దొర బంగళా మెట్ల ముందుకు వచ్చి ఆగింది.

దొర వరండాలో ఉన్నాడు. అరవలేదట. "ఎవరిదిర ఆ చప్పుడు?" అని మాత్రం అడిగాడు.

తాత వంగి, కూతురి కాళ్లకున్న చెప్పులు ఊడదీసి, తన నెత్తిన పెట్టుకున్నాడు. "పసిది దొరా, తెల్వదు, నీ బాంచెను" అన్నాడు. దొర అవునూ అనలేదు, కాదూ అనలేదు. తనకు తెచ్చిన కొత్త చెప్పులు తొడుక్కుని వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి, ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి చూసుకున్నాడు. ఆయన చెప్పులు కిర్రు కిర్రుమంటూనే ఉన్నాయి. కింద తాత నెత్తిన చెప్పులతో నిలబడే ఉన్నాడు. చివరికి దొర ఆగి, "సరిపోయినయి, పో" అన్నాడు. అప్పుడు గానీ తాత నెత్తి మీద చెప్పులు దించలేదు.

ఇంటికి వచ్చాక తాత తోలు కుట్టే ఆరె తీసుకుని అమ్మ చెప్పుల కుట్లు విప్పాడు. అట్టలు విడదీసి, ఆ కిర్రు ఎందులో ఉందో అది తీసేసి, మళ్లీ కుట్టి ఇచ్చాడు. కొట్టలేదు, తిట్టలేదు. "కొడితే బాగుండు అనుకున్ననే" అంటుంది అమ్మ ఇప్పటికీ. ఆ తర్వాత ఆమె కిర్రు చెప్పులు తొడగలేదు, ఆ వీధి తొక్కలేదు. ఇంత వయసు వచ్చింది, మనుమలు మనుమరాళ్లు పుట్టారు, ఈ ఊళ్లో సొంత ఇల్లు కట్టుకున్నాం. "ఆ దొర లేడు, ఆ గానుగ లేదు, ఇంకా ఎందుకమ్మా" అంటే "వీధి ఉన్నది గద" అంటుంది. ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది, కోపం వస్తే నడుస్తాను.

పోయిన ఏడు ఆ దొర బంగళా కూడా కెఫే అయింది. నేను లోపలికి పోలేదు. మా ఇంటి నుంచి ఆ మెట్లు మొదట ఎక్కేది అమ్మే కావాలని పట్టుబట్టాను. ఆ వరండాలో ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ తాగించాలి, ఒక ఫొటో తీసి హాల్లో తాత ఫొటో పక్కన తగిలించాలి. తలుచుకుంటేనే నాకు కడుపు నిండేది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అడిగేదాన్ని. "కాఫీ ఇంట్ల లేదా?" అనేది.

ఈలోగా మోకాళ్లు మరీ పాడయ్యాయి. ఇక మీద నాలుగు కాళ్ల స్టాండు లేకుండా నడవడం కష్టమని దవాఖానలో చెప్పారు. ఆటోలో వస్తుంటే అమ్మ తన కాళ్ల వంకే చూసుకుంటూ కూర్చుంది. తర్వాత ఉన్నట్టుండి అంది.

"కిర్రు చెప్పులు దొరుకుతయా ఇప్పుడు?"

"ఎందుకు?"

"దొరికితే వస్త. గా స్టాండు పట్టుకోకముందే. ఉత్త చెప్పులతోని అయితే రాను."

వెతకడం నా పని. వనపర్తిలో చెప్పులు కుట్టేవాళ్లు ఊడిన బొటనవేలి ఉంగటాలు తగిలిస్తారు, తెగిన పట్టీలు అతుకుతారు, కిర్రు మాటెత్తితే నవ్వుతారు. నాగర్‌కర్నూల్ వెళ్లాను, అక్కడ ఒకాయన ప్లాస్టిక్ చెప్పులు చూపించి, "వీటికి గూడ చప్పుడొస్తది మేడం, నీళ్లల్ల తడిస్తే" అన్నాడు. ఆ మాటకు నాకు కూడా నవ్వొచ్చింది. చివరికి గద్వాల పాత బస్టాండు దగ్గర ఒక ముసలాయన దొరికాడు. కర్ణాటక పొలిమేరలో ఉన్న గట్టు అనే ఊరి వైపు నుంచి వచ్చి కూర్చుంటాడు, మాటల మధ్య కన్నడం దొర్లుతుంది.

"ఆ చప్పుడు ఎవరికీ బ్యాడ, వద్దమ్మా ఇప్పుడు" అన్నాడు. "మెత్తగ ఉండాలె, సడి లేకుండ ఉండాలె అంటరు. ఎవరికి?"

"మా అమ్మకు."

"ఆడమనిషికా?" అని నా మొహంలోకి చూశాడు. నేను తాత సంగతి చెప్పాను. అంతా విని, "పాదం కొలత తే" అన్నాడు.

ఇంటికి వచ్చి పాత పేపరు నేల మీద పరిచి అమ్మను నిలబెట్టాను. కూర్చుని, ఒక చేత్తో ఆమె మడమ పట్టుకుని పెన్సిలుతో పాదం చుట్టూ గీశాను. అరికాలు గట్టిగా, పగుళ్లతో బెరడులా ఉంది. ఇన్నేళ్లలో అమ్మ పాదం నేను ఎప్పుడూ చేత్తో పట్టుకోలేదు. నాకు ఏడుపొచ్చింది, ఆ ఏడుపు మీద మళ్లీ కోపమొచ్చింది. "చక్కిలిగిలి పెట్టకే" అంది అమ్మ పైనుంచి.

చెప్పులు వచ్చిన మరుసటి ఆదివారం సాయంత్రం బయలుదేరాం. అమ్మ ఉతికిన తెల్లంచు చీర కట్టుకుంది. ఇంట్లో తొడుక్కుని రెండు అడుగులు వేయగానే కిర్రుమన్నాయి. ఆమె మొహం ఏమీ మారలేదు, నా చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది.

గానుగ ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. అక్కడికి రాగానే అమ్మ ఆగింది. చెయ్యి గోడకు ఆనించి కుడికాలు వెనక్కి ఎత్తింది, చెప్పు విడిచేటప్పుడు ఎత్తినట్టు.

"అమ్మా!" అని అరిచాను. దుకాణంలో వాళ్లు తలలు తిప్పి చూశారు.

"నాకు ఎర్కనే, అరువకు" అంది. "కాలు ఇంటలేదు. జర ఆగు, దానికి చెప్తున్న."

ఎంతసేపు చెప్పిందో ఏమి చెప్పిందో నాకు తెలియదు. కాలు మెల్లగా నేల మీదికి దిగింది, చెప్పుతోనే. నా చెయ్యి వదిలేసి, రోడ్డు మధ్యకు వచ్చి నడవడం మొదలుపెట్టింది.

కిర్రు. కిర్రు. కిర్రు. కెఫేల్లో పాటలు వినిపిస్తున్నాయి, బండ్ల హారన్లు మోగుతున్నాయి, అయినా ఆ చప్పుడు వాటి మధ్య నుంచి స్పష్టంగా వినబడింది. ఒక అమ్మాయి ఫోను ఎత్తి వీడియో తీస్తూ "సో క్యూట్" అంది పక్కనున్న పిల్లతో. అది ముద్దు కాదు తల్లీ, కోపం, ఇన్నేళ్లు దాచిపెట్టిన కోపం అని చెప్పాలనిపించింది. కానీ అప్పటికే అమ్మ నన్ను దాటి ముందుకు పోయింది. మోకాళ్ల నొప్పి మనిషి అని ఆ పొద్దు ఎవరూ అనుకోరు.

దొర బంగళా ముందు ఆగాం. వరండాలో సన్నటి ఇనుప కుర్చీలు, గుండ్రటి బల్లలు, బల్లల మీద పూలు. అమ్మ మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. లోపలి నుంచి ఏప్రన్ కట్టుకున్న ఒక అమ్మాయి, కాలేజీ పిల్లలా ఉంది, నవ్వుతూ ఎదురొచ్చింది.

"రాండ్రి అమ్మమ్మా. చెప్పులు గీడ ర్యాకుల ఇడువుండ్రి."

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. గోడకు ఒక అందమైన చెక్క ర్యాకు, దాని నిండా బూట్లు, చెప్పులు. పైన చెక్క పలక మీద తెలుగులోనే చక్కగా రాసి ఉంది, పాదరక్షలు బయట విడవగలరని.

"లోపల పాత టైల్స్ ఉన్నయి అమ్మమ్మా, గీతలు పడతయి. ఎవరొచ్చినా ఇడుస్తరు" అంది ఆ పిల్ల. మర్యాదగానే అంది. ఆమె కాళ్లకు కూడా చెప్పులు లేవు. లోపల కూర్చున్నవాళ్లందరి కాళ్లూ బోసిగానే ఉన్నాయి.

అమ్మ ఆ పిల్లను చూడలేదు, ర్యాకును చూడలేదు. నా కాళ్ల వంక చూస్తోంది. నేనూ చూసుకున్నాను. నా కుడికాలు అప్పటికే చెప్పులోంచి బయటికి వచ్చేసి, చల్లటి రాతి మెట్టు మీద ఉంది. ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు.

"ఏస్కో" అంది అమ్మ.

వేసుకున్నాను. వేసుకుని ఆ పిల్ల మీద పడ్డాను. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, ఎవరినో అనవలసినదంతా ఆమెను అన్నాను. ఈ మెట్టు దగ్గర ఏం జరిగిందో చెప్పాను. రూలు అందరికీ ఒకటే కావచ్చు గానీ మెట్టు అందరికీ ఒకటి కాదన్నాను. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. "ఒక్క నిమిషం మేడం" అని లోపలికి పరుగెత్తి, కాసేపటికి తిరిగి వచ్చింది.

"సార్ ఒప్పుకున్నడు అమ్మమ్మా. పెద్దమనిషివి కద, చెప్పులతోనే రమ్మన్నడు. మంచి టేబులు ఇస్తం."

గెలిచామనుకున్నాను. చెప్పులతోనే రెండో మెట్టు ఎక్కి అమ్మకు చెయ్యి అందించాను. ఆమె కదలలేదు. పిలిచి పిల్లనిస్తామంటే కులం తక్కువ అన్నట్టుంది, ఇప్పుడేం తక్కువైందని విసుక్కున్నాను.

"ఆయన ఒప్పుకునేదేంది?" అంది అమ్మ.

"చెప్పులతోనే రమ్మన్నారు కదమ్మా. నీకు కావలసింది అదే కదా."

"గదెవరు చెప్పిన్రు నీకు? ఒప్పుకుంటే ఎక్కుడు, వద్దంటే దిగుడు, మా నాయినకు బతుకంత గదే ఆయె. నాకొద్దు." గొంతు పెంచలేదు. ఆ పిల్ల వైపు తిరిగి మెత్తగా అంది. "నీ తప్పేం లేదు బిడ్డా. ఇల్లు వాళ్లది, గచ్చు వాళ్లది, ఇడువుమంటే ఇడువుమంటరు. నేను కాఫీ కోసం రాలె. ఈ పిల్లకు కావాలె కాఫీ. నేను నడువనీకి వచ్చిన."

మొదటి మెట్టు మీది కాలు దించి రోడ్డు మీద పెట్టింది.

నేను మెట్ల మీదే ఉండిపోయాను, కలగన్న ఫొటో చేతికి అందినట్టే అంది జారిపోయింది. అమ్మ బంగళా ముందు రోడ్డు మీద, గేటు ఈ స్తంభం నుంచి ఆ స్తంభం దాకా నడిచింది. కిర్రు, కిర్రు. అక్కడ ఆగి, వెనక్కి తిరిగి, మళ్లీ ఈ స్తంభం దాకా వచ్చింది. నడుము మీద చెయ్యి పెట్టుకుని, తల వంచి తన చెప్పుల వంకే చూసుకుంటూ, మెల్లగా. కొత్త చెప్పులు తొడిగినవాళ్లు నడిచి చూసుకున్నట్టు. ఒక కారు వచ్చి ఆమె వెనక ఆగింది, హారన్ కొట్టింది. అమ్మ పక్కకు జరగలేదు. కారులో మనిషి ఇంకోసారి కొట్టి, ఊరుకున్నాడు. వరండాలో కాఫీ తాగుతున్నవాళ్లు కప్పులు దించి, బోసికాళ్లతో లేచి నిలబడి చూస్తున్నారు.

మళ్లీ తిరిగింది. మళ్లీ వచ్చింది. అప్పుడు నాకు అర్థమైంది ఆమె ఏం చేస్తోందో. నేను మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాను.

అమ్మ సరిగ్గా మెట్ల ఎదురుగా ఆగింది. ఒకసారి వరండా వైపు చూసింది. తర్వాత మెట్ల కింద, ఆనాడు తాత చెప్పులు నెత్తిన పెట్టుకుని నిలబడ్డ చోటు వైపు చూసింది.

"సరిపోయినయి నాయినా" అంది. "ఇగ పో."